మిక్చరు డబ్బా పద్యం – టీకా తాత్పర్య సహితం

అవతారిక: దీపావళికి రెండు రోజుల ముందు, నూనె మూకుడు ఎదుట పీట వేసుకుని కూర్చున్న అత్తగారు, మిక్చరు కలుపుతున్న కొడుకూ కోడళ్లకు బోధించినట్టుగా నడిచిన ఆటవెలది ఇది. డబ్బా మూత తీస్తే పైన పది జీడిపప్పులు, చెయ్యి పెట్టి దేవితే అడుగంటా కారప్పూస. ఆ దృశ్యమే ఈ పద్యానికి ప్రేరణ.

ఆ.వె.
జీడిపప్పు పైన చేరి కులుకుచుండు
పల్లి యడుగు నణగి బలము నిచ్చు
పేరు మొదటిదాని, పీచు రెండవదాని
యెరిగి కలుపవలయు నింటివారు.

ప్రతిపదార్థం: జీడిపప్పు = పలాస నుంచి వచ్చి, చుట్టాల కంటికి ముందుగా ఆనే పలుకు; పైన = మూతకు దిగువను, కారప్పూసకు ఎగువను; చేరి = సర్దినవారి చేతివాటం వల్ల పోగై; కులుకుచుండు = ఠీవి ఒలకబోయును; పల్లి = వేరుశనగ గుండు; అడుగున్ అణగి = ఉప్పూ కారమూ జారి దిగే చోట ఒదిగి; బలమున్ ఇచ్చు = మాంసకృత్తులను సమకూర్చును; పేరు = 'బాగా వేశారండీ' అనే మెప్పు; మొదటిదాని = జీడిపప్పుది; పీచు = పొట్టకు మేలుచేసే నారపదార్థం; రెండవదాని = పల్లిది; ఎరిగి = ఈ తేడా తెలిసి; కలుపవలయున్ = పైన చల్లక, లోపలికంటా కలపవలెను; ఇంటివారు = గరిటె ఎవరి చేతిలో ఉంటే వారు. (అద్దె వాటాలో ఉన్నవాళ్లు 'ఇంటివారు' అంటే యజమానులని అర్థం చెప్పుకుని తప్పించుకోరాదు.)

తాత్పర్యం: పండగ చిరుతిండిలో గింజలు అలంకారం కోసం కాదు, ఆహారం కోసం. వాటిని పైపైన చల్లితే పేరు వస్తుంది. పిండి తగ్గించి ఆ జాగాలో కలిపితే బలం వస్తుంది.

వ్యాకరణ విశేషం: 'కులుకుచుండు' ద్రుతప్రకృతికం. దాని మీద పరుషం వస్తే సరళం కావాలి కదా, 'పల్లి' అనే 'ప' ఎందుకు మారలేదని పండితులు నిలదీస్తారు. మారితే 'బల్లి' అవుతుంది. పండగపూట మిక్చరులో బల్లి పడడం కన్నా ఒక సూత్రం తప్పడమే మేలని కవి హృదయం.

పాఠాంతరాలు: 'పల్లి' అన్నది తెలంగాణ ప్రతి. కోస్తా ప్రతుల్లో 'వేరుశనగ గుళ్లు', రాయలసీమ ప్రతుల్లో 'శెనక్కాయ విత్తనాలు', 'బుడ్డలు' అని కనిపిస్తాయి. అవి గణాలకు పొసగవు గాని మూకుడుకు చక్కగా పొసగుతాయి.

అలంకారం: స్వభావోక్తి. జీడిమామిడి గింజ పండు లోపల ఉండదు. పండు కొసన బయటికి వేలాడుతుంది. వేరుశనగ పువ్వు నేలకు పైనే పూస్తుంది, ఆపైన ఊడ దిగి కాయ మట్టిలో ఊరుతుంది. కనుక ఒకదాని కులుకూ, ఒకదాని అణకువా పుట్టుకతో వచ్చినవే. వీటికి పూర్వకవుల ప్రయోగాలు చూపమని అడగడం అన్యాయం. రెండింటికీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. జీడిమామిడిని పదహారో శతాబ్దంలో బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు మన దేశానికి తెచ్చారు.

శంక: జీడిపప్పుకు బలం లేదనా?

సమాధానం: కాదు. నూరు గ్రాముల జీడిపప్పులో మాంసకృత్తులు సుమారు 18 గ్రాములు, పీచు 3 గ్రాములు. అదే పల్లిలో సుమారు 25, 8. ఖరీదు మాత్రం తలకిందులు. జీడిపప్పును డబ్ల్యూ-240, డబ్ల్యూ-320 అని అమ్ముతారు. పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో ఆ అంకె అది. అంకె చిన్నదైన కొద్దీ పలుకు పెద్దది, బిల్లు అంతకన్నా పెద్దది. మిక్చరులోకి బద్దలు చాలు. నమిలాక ఏ దంతమూ గ్రేడు అడగదు.

శంక: బలమే అయితే ఎంత వేస్తే అంత మంచిదా?

సమాధానం: ఇక్కడే మందబుద్ధులు పొరబడతారు. ఈ రెండు గింజల్లోనూ నూరు గ్రాములకు 550 కేలరీల పైమాటే. ఉన్న కారప్పూస ఉండగా మరో గిద్దెడు గింజలు పోస్తే పెరిగేది నడుము. కారప్పూస గిద్దెడు తగ్గించి గింజలు గిద్దెడు వేయాలి. 'కలుపు' అన్న కవి 'పెంచు' అనలేదు. దీనికి దృష్టాంతం సర్వపిండి. అందులో పల్లి బియ్యప్పిండితో కలిసి గిన్నెకు అంటుకుని కాలుతుంది. పైన కూర్చుని ఎవరికీ నమస్కారాలు పెట్టదు.

ప్రయోగవిధి: ముందుగా పల్లీలు, సన్న సెగ మీద. చిటపట తగ్గి, పొట్టు ఎరుపు ముదిరే లోపే జాలిగరిటెతో తీయాలి. తీశాక కూడా సొంత వేడికి ఇంకాస్త వేగుతాయి. తరవాత పుట్నాలు. ఆపైన జీడిపప్పు; ఇది క్షణంలో మాడుతుంది కాబట్టి ఆ సమయంలో ఫోను ఎత్తరాదు. చివర కరివేపాకు. ఉప్పు, కారం అన్నీ వెచ్చగా ఉండగానే కలపాలి, లేకుంటే అడుక్కి చేరి పల్లికి తోడవుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టాలి. ఆవిరి చేరితే మెత్తబడుతుంది, గాలి తగిలితే గింజల్లో నూనె కనరు వాసన పట్టుతుంది.

దోషప్రకరణం: ముడుచుకున్నవి, బూజు పట్టినవి, చేదెక్కినవి ఏరి పారేయాలి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు కనుక, 'ఒక్క గింజేగా' అన్న వాదం చెల్లదు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా పెట్టరాదు, గొంతుకు అడ్డుపడుతుంది. పొడికొట్టి ఉండల్లో కలపాలి. పల్లి పడని చుట్టం ఉంటే ఏరి పెట్టడం చాలదు. వేరే నూనె, వేరే గరిటె, వేరే డబ్బా.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని అర్థం తెలిసి ఆచరించినవారి ఇంట మిక్చరు డబ్బా అడుగు వరకు ఒకే రుచిగా ఉండును. జీడిపప్పులు మాత్రమే ఏరుకు తినే బావగారికి వెతుకులాట మిగులును.

గద్యం: ఇది శ్రీమన్మూకుడు కరుణాకటాక్ష లబ్ధ కరకర విలాసుండును, కరివేపాకు సుగంధ వాసిత హస్తుండును నగు వ్యాఖ్యాత రచించిన 'పల్లీప్రకాశిక' యందు కారపు ఆశ్వాసము సమాప్తము. తీపి ఆశ్వాసము బెల్లం పాకం కుదిరిన పిమ్మట.