ఎర్తింగ్ బాబాయ్

పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు అలిగి వెళ్లిపోతే ఇంకొకడు దొరుకుతాడు. పాడేవాళ్లకైతే కరువే లేదు. ఎర్తింగ్ బాబాయ్ మాత్రం ఊరికొక్కడే ఉంటాడు. ఆయన పాడడు, ఏ వాయిద్యమూ వాయించడు, ట్రూపు ఫొటోలో ఎక్కడా ఉండడు. అయినా చర్చి క్వయర్ కానీ, కాలేజీ వార్షికోత్సవం కానీ, ఎలక్ట్రిక్ గిటారున్న ప్రతిచోటా స్టేజీ వెనక ఆంప్లిఫయర్‌కి చెవి ఆనించి కనబడతాడు. పగలు ఏ బ్యాంకులోనో ఉద్యోగం. సాయంత్రం భుజాన సంచీ. సంచీలో మల్టీమీటరు, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఉప్పుకాగితం, హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా కోఠీ గుజరాతీ గల్లీలో బేరమాడి తెచ్చుకున్న జాక్‌లు, పాట్‌లు.

మనకి పాట వినబడుతుంది. ఆయనకి పాట వెనకున్న ‘గుయ్’ వినబడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనక ఆ మోతకీ అదే శ్రుతి, దాని మీద దాని రెట్టింపులూ అని చెప్పి, ఆ శ్రుతిని నోటితో అని మరీ చూపిస్తాడు. ఆయన గొంతులోంచి నేను విన్న ఏకైక సంగీతం అదే.

ఎవరైనా గృహప్రవేశానికి పిలిస్తే తక్కినవాళ్లు టైల్స్ చూస్తారు, మాడ్యులర్ కిచెన్ చూస్తారు. ఈయన పెరట్లోకి వెళ్లి ఎర్త్ గొయ్యి వెతుకుతాడు. “బొగ్గూ ఉప్పూ వేయించారా? ఎండాకాలం నీళ్లు పోస్తున్నారా? తులసమ్మకి పోసేటప్పుడు ఇక్కడా ఓ చెంబెడు పోయమ్మా” అని ఇల్లాలికి చెప్పి గానీ భోజనానికి కూర్చోడు. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం కన్నా ముందు ఫంక్షన్ హాలు పేరు చూస్తాడు. “ఆ హాలా? న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 30 వోల్టులు చూశాను నేను. దేవుడి దయ” అని నిట్టూరుస్తాడు.

మొన్న ఒక పెళ్లిలో గిటారు కుర్రాడు ప్లగ్గు పెట్టగానే హాలంతా గుయ్యిమంది. సౌండ్ అబ్బాయి ట్రెబుల్ తగ్గించాడు. గిటారు గొంతు కూడా దాంతోపాటే తగ్గింది. ఇంతలో బాబాయ్ ప్రవేశం.

“ఒరే అబ్బాయ్, తీగల మీద చెయ్యి పెట్టు.”

పెట్టాడు. మోతలో మార్పు లేదు. బాబాయ్ మొహం మాత్రం వెలిగింది.

ఆయన శాస్త్రమంతా ఆ ఒక్క స్పర్శలో ఉంది. గాలిలో ఉన్న కరెంటు రొదని మన ఒళ్లే ఏరియల్‌లా పట్టి గిటారుకి అందిస్తుంది. తీగలు బ్రిడ్జి మీదుగా, లోపలున్న ఒక సన్నని వైరు ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. తీగ ముట్టుకోగానే మనమూ గ్రౌండ్‌లో కలుస్తాం, రొద తగ్గుతుంది. తగ్గితే వైరింగ్ బాగానే ఉంది, లోపలి గుంటలకి రాగి రేకు అంటిస్తే ఇంకా తగ్గుతుంది. ఏ మార్పూ లేకపోతే ఆ వైరు తెగినట్టు. ముట్టుకుంటే పెరిగిందా, జాక్‌లో రెండు వైర్లూ ఎవడో తారుమారు చేశాడన్నమాట. ఇవేవీ కాకుండా, గిటారు పట్టుకుని ఇటు తిరిగితే ఒకలా, అటు తిరిగితే ఒకలా మోగితే అది సింగిల్ కాయిల్ పికప్ ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకోవడం. “దానికి నా దగ్గర మందు లేదు. 1955లోనే గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ అనే మహానుభావుడు రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి హంబకర్ చేశాడు. అది కొనుక్కో” అంటాడు. బాబాయ్ ఒకరిని మహానుభావుడనడం నేను ఇంకెప్పుడూ వినలేదు.

గిటారు బోర్లా తిప్పి, వెనక మూత నాలుగు మరలూ విప్పాడు. స్ప్రింగులు తగిలించిన ఇనప కొక్కేనికి అతికించాల్సిన నల్ల వైరు, ఒక్క పోగు ఆధారంగా వేలాడుతోంది. ఆ అతుకు చల్లారిన అన్నం ముద్దలా బూడిదరంగులో, మెరుపు లేకుండా ఉంది. “చూడు! ఇనుము వేడెక్కకుండా లెడ్డు కరిగించి పోశాడు. పాతిక వాట్ల ఐరన్ పెట్టి ఉంటాడు వెధవ” అని ముఖం తెలియని ఆ మెకానిక్‌ని తిడుతూ, కొక్కేన్ని ఉప్పుకాగితంతో గీకాడు. ఐరన్ మొనని లోహానికే ఆనించి, లోహం వేడికి లెడ్డు తనంతట తాను పరుచుకునేదాకా ఊపిరి బిగబట్టాడు. రోజనం పొగ లేచింది. మల్టీమీటర్ ఒక కొన జాక్ అంచుకీ, ఇంకో కొన బ్రిడ్జికీ పెట్టాడు. ‘కీఁ’మంది. కుర్రాడు దణ్ణం పెట్టాడు.

మూడొంతులు మోత పోయింది. మనమైతే అక్కడ ఆపేస్తాం. బాబాయ్ మిగతా పావుకోసం ఆంప్ వైరు పట్టుకుని నడిచాడు. అది మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఉంది. బాక్సు నుంచి గోడదాకా వెళ్లింది మాత్రం రెండు వైర్లే, అవీ సాకెట్లో అగ్గిపుల్లలతో బిగించి. అంటే ఎర్త్ అసలు లేదు. ఇక మొదలైంది పురాణం. 1972లో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే పోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటారు వాయించుకుంటూ పోయాడు, కారణం అదే. “ఎర్త్ పిన్ను విరగ్గొడితే ఒక్కోసారి మోత పోతుందిరా. మోతతోపాటు నువ్వూ పోతావ్!” ఈ కథ ఆయన మంగళవాద్యాల హోరులో కూడా పూర్తిగానే చెబుతాడు. ఎవరూ వినరు. చెప్పినదాంట్లో ఒక్క ముక్కా అబద్ధం కాదు.

హాలంతా ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూసుకుంటూ వెళ్తే, నిండుగా వెలిగిన సాకెట్ ఒక్కటే దొరికింది. అందులో ఐస్‌క్రీం ఫ్రీజరు ఉంది. బాబాయ్ దాని ప్లగ్గు పీకి, ఆంప్ ప్లగ్గు పెట్టాడు. స్టేజీ మీద నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కుర్రాడు వాయించే ప్రతి తప్పూ ఆఖరి వరసదాకా వినబడింది. బాబాయ్ అవేవీ పట్టించుకోలేదు. అది వేరే డిపార్ట్‌మెంటు.

అరగంటకి పెళ్లికూతురి మేనమామ పాయసంలా కారుతున్న బటర్‌స్కాచ్ కప్పుతో వచ్చాడు. “ఎవరండీ ఫ్రీజరు ప్లగ్గు పీకింది?”

“నేనేనండీ.”

“ఇంకో బాక్సులో పెట్టొచ్చుగా?”

“రేకు బాడీ అండీ. ఎర్త్ లేని బాక్సులో నా చేత్తో పెట్టను. చిన్నపిల్లలు ముట్టుకుంటారు.”

మేనమామ ఏదో గట్టిగా అనబోయి ఆగాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “మా ఇంట్లో గీజరు వేసినప్పుడు కొళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందండీ...”

బాబాయ్ సంచీ భుజానికేసుకున్నాడు. “ఎంత దూరం?”