రూపాయి చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక

మల్లినాథసూరి మన మెతుకుసీమవాడు. కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఆ రెండింటిలో ఏ ఒక్కటీ పెట్టుకోలేదు. చదువరులు కాస్త స్థిమితంగా కూర్చోవాలి.

మూలగ్రంథం అబిడ్స్‌లో దొరికింది. ఆదివారం పాత పుస్తకాల వరుస దాటాక, గొడుగు కింద గోనెపట్టా పరుచుకుని పాత నాణేలు అమ్మే ఒకాయన కూర్చుంటాడు. ఒక్కో నాణేన్నీ అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ సంచిలో వేసి, దానికో చీటీ పిన్ను కొడతాడు. నేను తీసుకున్న వెండి రూపాయికి ఉన్న చీటీ ఇది:

అంచు ఉంది.
మొహం లేదు.
కడగలేదు.
బేరం లేదు.

మొత్తం 17 అక్షరాలు. సూత్రానికి మాట తక్కువ, అర్థం ఎక్కువ ఉండాలని పెద్దల లక్షణం. అరమాత్ర మిగిలితే చాలు, వైయాకరణులకు కొడుకు పుట్టినంత సంబరమట. ఈ చీటీకర్తకు ఎంతమంది కొడుకులో నేనడగలేదు.

పాదానికి నాలుగేసి అక్షరాలు. మూడో పాదానికి మాత్రం ఐదు. ‘కడగలే’ అని ఉంటే గణం సరిపోయేది, ఆ బజారులో ఆ మాట చెల్లేది కూడా. అయినా కర్త ‘దు’ వదల్లేదు. ఛందస్సు పోయినా పరవాలేదు, ఇక్కడ అనుమానం మిగలకూడదనుకున్నాడని ఊహ్యం. నాలుగు పాదాల్లో మూడు లేములు, ఒకే ఒక్క కలిమి. ఇంకో సంగతి: మొదటి మూడు పాదాలూ నల్ల సిరా, నాలుగోది నీలం. దీన్ని కొంచెం గుర్తుంచుకోండి.

అంచు ఉంది

అంచు = బొమ్మా కాక బొరుసూ కాక మిగిలిన మూడో వైపు; ఉంది = ఉన్నది.

ఉత్తు మీద అచ్చు పడింది కనుక సంధి చేసి ‘అంచుంది’ అనాలి. చీటీకర్త సంధి చేయలేదు. నాణెం చూపేటప్పుడు కూడా ఆయన అంతే, ఒక్కొక్క వైపూ విడివిడిగా తిప్పుతాడు. విసంధి దోషం కాదు, వృత్తిధర్మం.

ఆక్షేపం: అంచు లేని నాణెం ఎక్కడైనా ఉంటుందా? ఏ బిళ్ళ అయినా ఎక్కడో ఒకచోట అయిపోవాలి గదా. అయిపోయిన చోటే అంచు. ఉండక తప్పనిదాన్ని ఉందని చెప్పడం పునరుక్తి.

సమాధానం: ఇక్కడ అంచు అంటే నొక్కుల అంచు. తెలుగులో బొమ్మకు పేరుంది, బొరుసుకు పేరుంది. పందెం వేసేవాడికి ఆ రెండే కావాలి. మూడోదానికి చీర దగ్గర్నించీ పళ్ళెం దగ్గర్నించీ పేరు అరువు తెచ్చుకున్నాం. నాణేలవాళ్ళు దీన్ని మళ్ళీ రెండు చేస్తారు. బొమ్మ చుట్టూ కాస్త ఎత్తుగా ఉండేది గట్టు. పొలానికి గట్టు ఎందుకో దీనికీ అందుకే, లోపలిది నిలబడటానికి. పక్కకు తిప్పితే కనిపించే మందం అంచు. దాని మీద నిలువుగా దువ్వెన పళ్ళలా ఉండేవి నొక్కులు.

నొక్కుల పుట్టుక దొంగతనంలో ఉంది. వెండి నాణెం వెండి బరువుకే మారే రోజుల్లో, ఇంగ్లండులో కొందరు దాని చుట్టూ కత్తెరతో సన్నగా చెక్కి, ఆ చెక్కులు మూట కట్టుకుని, మిగిలిన బిళ్ళను నిండు రూకకు చెల్లించేవారు. అది రాజద్రోహం. పట్టుబడితే ఉరి. ఉరితాడు కంటే నొక్కులు బాగా పనిచేశాయి: యంత్రంతో అంచు మీద వరసగా గాళ్ళు వేస్తే, ఒక్కచోట చెక్కినా కంటికి ఆనుతుంది. 1662 నాటి రెండో చార్లెస్ క్రౌను నాణెం అంచున నొక్కులకు బదులు లాటిన్ అక్షరాలే వేశారు. ‘అలంకారమూ, రక్షణా’ అని వాటి భావం. తన టీకా తానే రాసుకున్న అంచు అది. 1696లో అక్కడి పాత వెండి నాణేలన్నీ కరిగించి తిరిగి కొట్టాల్సి వచ్చినప్పుడు టంకశాల మీదికి అధికారిగా వచ్చినవాడు ఐజాక్ న్యూటన్. చెట్టు కింద ఆపిల్ సంగతి బడిపిల్లలందరికీ తెలుసు. దొంగనాణేలవాళ్ళను వెతికి వెతికి ఉరికంబం దాకా పంపించిన సంగతి పాఠంలో ఉండదు.

మళ్ళీ ఆక్షేపం: మన దగ్గర 1893లోనే టంకశాలకు జనం వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే వీలు తీసేశారు. అప్పట్నుంచీ మామూలుగా రూపాయి చెల్లుబడి దానిలోని వెండి కంటే ఎక్కువే. మరి ఆ తర్వాతి రూపాయికి నొక్కులెందుకు?

సమాధానం: పిల్లిని కట్టేసి తద్దినం పెట్టినట్టు. కానీ ఆచారానికి ఓ లాభం మిగిలింది, అది వేళ్ళది. చీకట్లో జేబులో చెయ్యి పెట్టినవాడికీ, చూపు లేనివాడికీ నాణెం అంటే అంచే. 1957లో దశాంశ నాణేలు వచ్చినప్పుడు 5 నయాపైసలు నలుచదరం, 10 నయాపైసలు పూరేకుల అంచు. 1992లో రెండు రూపాయల బిళ్ళకు 11 భుజాలు పెట్టారు. 2019లో ప్రకటించిన 20 రూపాయల బిళ్ళకు 12 భుజాలు, నొక్కులు అసలు లేవు. లేకపోవడమే దాని గుర్తు.

ఇంకో విశేషం చెప్పకపోతే ఈ పాదానికి అన్యాయం. మన ప్రాంతంలో పాత వెండి రూపాయికి అంచు పోయేది దొంగల వల్ల కాదు, ముచ్చట వల్ల. లంబాడీ ఆడవాళ్ళ దండల్లో, రవికల మీద, రూపాయికి కొక్కెం అతికి వేలాడదీస్తారు. తర్వాత ఎప్పుడో అవసరమొచ్చి కొక్కెం ఊడబీకి అమ్మితే, పన్నెండు గంటల చోట అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. సేకరణదారులు ఆ మచ్చను చూసి మూతి ముడుస్తారు. నాకైతే అది నాణెం చరిత్రలో అన్నిటికంటే సంతోషంగా గడిచిన కాలానికి రసీదు. నా మాటకు బజారులో విలువ లేదు.

తాత్పర్యం: ఈ రూపాయిని ఎవరూ చెక్కలేదు, ఎవరూ మెళ్ళో వేసుకోలేదు.

మొహం లేదు

మొహం = ఐదో జార్జి చక్రవర్తి ముఖము; లేదు = అరిగి నున్ననైనది.

లోకంలో మొహం లేకపోవడం సిగ్గుపడాల్సిన విషయం. అప్పు తీర్చనివాడికి మొహం చెల్లదంటాం. ఇక్కడ తలకిందులు. చెల్లీ చెల్లీ మొహం పోయింది. విరోధాభాసం.

అరుగుడికి ఒక క్రమముంది. ఎత్తుగా ఉన్నది ముందు పోతుంది. రాజుగారి చెంప, చెవిపైన వెంట్రుకలు, కిరీటం మీది నగిషీ, అంగీ మీది బిరుదు హారం. చుట్టూ ఉన్న అక్షరాలు గట్టు నీడన కొంతకాలం తలదాచుకుంటాయి. నా రూపాయిలో రాజు ఇప్పుడు ఒక నున్నటి తల ఆకారం, అంతే. బొరుసు వైపు తారీఖులో 191 వరకు చదవొచ్చు. నాలుగో అంకె చోట నిలువుగా చిన్న కాడ మిగిలింది.

ఈ కాడ దగ్గర పాఠభేదాలు బయల్దేరాయి. ఒంటె కాలు చూసి ఒంటెను చెప్పినట్టు, 1911 అని ఒకరు, నాలుగుకు కూడా కాడే కనుక 1914 అని ఇంకొకరు, 1917 అని మూడోవారు. 1919 పాఠం కూడా కొట్టిపారేయలేం. ఇంత పట్టుదల ఎందుకంటే, 1911 అయితే ఇది ‘పంది రూపాయి’.

ఆ కథ చెప్పాలి. 1911లో ఐదో జార్జి రూపాయి తొలిసారి వచ్చినప్పుడు, రాజు ధరించిన బిరుదు హారంలో ఒక చిన్న ఏనుగు ఉంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. జనం చూసి అది ఏనుగు కాదు, పంది అన్నారు. ముస్లింలకు అపవిత్రమైన జంతువును చేతిలో పెడతారా అని గగ్గోలు పుట్టింది. అప్పటికి బొంబాయి, కలకత్తా టంకశాలలు కలిపి సుమారు 94 లక్షలు కొట్టాయి. వాటిలో 7 లక్షలు బజారుకు చేరాయి. మిగిలినవి కరిగించి, 1912 నుంచి తొండం బాగా కనబడేట్టు దిద్దారు. ఒక అంగుళం మీద పదో వంతు కూడా లేని తొండం కోసం లక్షల రూపాయలు కొలిమిలో పడ్డాయి.

ఇక్కడ తెలుగు టీకాకారుడికి ఒక ఆక్షేపం తట్టక మానదు. మనం వరహా అన్నది వరాహాన్నే గదా! వేంగీ చాళుక్యుల ముద్ర వరాహం. నన్నయతో భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడి బంగారు నాణెం నడుమ ఉన్నదీ అదే. విజయనగరం వారి రాజముద్రా అదే. దక్షిణలూ కట్నాలూ జీతాలూ వరహాల్లో పుచ్చుకున్న జాతికి ఒక వెండి రూపాయి మీది పంది ఎందుకు గుచ్చుకోవాలి?

సమాధానం: మన వరాహం భూమినెత్తిన అవతారం, కావాలని వేసుకున్నది. రాజుగారి రొమ్ము మీదిది అవతారం కాదు, పనితనంలో జారుడు. పైగా బజారు ఒక్క మతానిది కాదు. వేంగీలో చెల్లినది కలకత్తాలో చెల్లాలని లేదు.

ఇంతా చేసి నా రూపాయిలో ఏనుగూ లేదు, పందీ లేదు. హారం ఉండాల్సిన చోట వేలు జారిపోతుంది. ఆ రోజు గగ్గోలు పెట్టినవాళ్ళు ఓ నలభై ఏళ్ళు ఓపిక పట్టి ఉంటే, వాడకమే ఆ జంతువును తీసేసేది.

తూకం సంగతి ఇంకా మిగిలింది. నిండు రూపాయి ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు, గ్రాముల్లో 11.66. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. అందుకే పల్లె కంసాలి దగ్గర తూకపురాయి లేకపోతే రూపాయి వేసేవాడు. 1906 నాణేల చట్టం ప్రకారం అసలు బరువులో నూటికి రెండు పాళ్ళకు మించి తగ్గిన రూపాయి చెల్లుబడి కోల్పోయేది. మా వీధి నగల కొట్టులో నా రూపాయిని తూచారు: 11.31. మూడు పాళ్ళు పోయింది. ఆ చట్టం లెక్కన ఇది రూపాయి కాదు. చూసేవాళ్ళకు వెండి బిళ్ళ.

ఇక్కడే రెండు పాదాలకూ అన్వయం కుదురుతుంది. అంచున పోతే దాన్ని చెక్కుడు అన్నారు, శిక్ష వేశారు. మొహాన పోతే అరుగుదల అన్నారు, రెండు పాళ్ళ వరకు మాఫీ చేశారు. అంచుకు పళ్ళు పెట్టి కాపలా కాశారు కనుక వెండి అంతా ఎదుట నుంచే పోయింది. ఒక్కడు కత్తెరతో తీసుకుంటే దొంగ. లక్షమంది వేళ్ళతో తీసుకుంటే బజారు. 35 సెంటీగ్రాముల వెండి ఎన్ని జేబులకు, ఎన్ని మొలతాళ్ళ సంచులకు, ఎన్ని కొంగుముళ్ళకు పంపకమైందో ఏ లెక్కల్లోనూ లేదు.

అమెరికాలో షెల్డన్ అనే ఆయన 1949లో నాణేల స్థితికి 1 నుంచి 70 వరకు మార్కులు పెట్టాడు. 70 అంటే అచ్చులోంచి అప్పుడే దిగినట్టు. 1 అంటే ఏ నాణెమో మాత్రం పోల్చుకోవచ్చు. చిత్రమేమంటే ఆ ఒక్క మార్కు నాణేలనే ఏరి ఏరి దాచుకునేవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళ పక్షం. అచ్చు దిగి పెట్టెలోకి వెళ్ళిన నాణెం ఏ సంతా చూడలేదు.

తాత్పర్యం: పని చేసినట్టు ఆనవాలుంది, ఎవరికి చేసిందో ఆనవాలు లేదు.

కడగలేదు

కర్త లేని వాక్యం. ఎవరు కడగలేదు? ఏమి కడగలేదు? చేతులా, నాణేన్నా? ‘నేను, దీనిని’ అని అధ్యాహారం చేసుకోవాలి.

నల్లబడిన వెండి చూస్తే తెలుగువాళ్ళ చేయి ఆగదు. రాగికీ ఇత్తడికీ చింతపండు, వెండికి విభూతి. నలుపు నిజానికి వెండి మీద గంధకం చేరి కట్టిన పొర. నాణేలవాళ్ళు దాన్ని ప్రేమిస్తారు. తోమితే పొరతో పాటు పైవెండి కొంచెం లేస్తుంది, వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. మెరుపు వస్తుంది గాని అది టంకశాల ఇచ్చిన మెరుపు కాదు. తోమిన నాణేనికి బజారులో ధర సగం విరుగుతుంది. కర్త ఇక్కడ ఛందస్సు వదిలేసి ఒక అక్షరం ఎక్కువ వాడటానికి హేతువు ఇదే.

నాకు ఈ పాదం కొంచెం బాధ కలిగించింది. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టే రూపాయి విక్టోరియా రాణిది. ఏటా శ్రావణంలో మా అమ్మమ్మ దాన్ని విభూతితో తోమేది, పెళ్ళయి వచ్చిన ఏటి నుంచీ. రాణి ముక్కు ముందు పోయింది, తర్వాత కన్ను. నేను నాణేల పుస్తకాలు చదివి వచ్చి ఒకసారి ఆవిడ చేయి పట్టుకుని, “అమ్మమ్మా, తోమకూడదే, విలువ పోతుంది” అన్నాను. ఆవిడ తోముతూనే, “అమ్ముతావుట్రా?” అంది. దీనికి ఏ టీకాలోనూ సమాధానం లేదు. రాణి మొహం ఎంత పోతే ఆవిడకు లక్ష్మి అంత బాగా కనబడేది.

తాత్పర్యం: మురికితో సహా అమ్ముతున్నాడు, మురికికి కూడా ధర ఉంది.

బేరం లేదు

సుబోధము. చెప్పిన ధర ఇవ్వవలసిందే అని భావం. నేను అలాగే గ్రహించి, అడిగినంతా ఇచ్చి, సంచి జేబులో వేసుకున్నాను.

తీరా నాలుగడుగులు వేశాక నీలం సిరా గుర్తొచ్చింది. ఒకే గ్రంథం రెండు సిరాల్లో ఉంటే పండితులు ఊరుకోరు. వెనక్కి వెళ్ళి, చీటీ చూపించి, ఈ నాలుగో మాట విడిగా ఎప్పుడు రాశారని అడిగాను. ఆయన చీటీని ఎండకు పట్టి చూసి నవ్వాడు.

“అదా సార్. పొద్దుగాల సంది ఒక్క బేరం లేదు. ఊకె కూసొని రాసిన.”

కాబట్టి నాలుగో పాదం ప్రక్షిప్తమని నిర్ణయం. డబ్బు తిరిగి రాలేదు.