నల్లమల ఇంట్లో ఒక గది: చెంచు గుడిసె ఆత్మకథ

ఈ గుడిసె తన కథ తానే చెప్పుకుంటోంది గానీ, 'నేను' అనడానికి మాత్రం దానికి నోరు రాదు. నెత్తిన ఉన్న బోదగడ్డి మొన్నటి ఎండాకాలంలో కప్పింది. గోడ తడికెల్లో సగం అంతకుముందు అల్లినవి. మొదటినుంచీ ఉన్నది నిట్రాడు ఒక్కటే. దాని మొదలుకు కూడా చెద పడితే కోసేసి మళ్లీ పాతారు. ఇన్ని మారిపోయాక 'నేను' అనాల్సింది గడ్డా, వెదురా, మట్టా? ఆ తగువెందుకని తనను తాను 'ఈ గుడిసె' అనే చెప్పుకుంటుంది.

నివాసం నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి, నాగర్‌కర్నూల్ జిల్లా. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు వస్తుంది. రాత్రి తొమ్మిదైతే గేటు పడుతుంది, తెల్లారి ఆరింటికి గానీ లేవదు. ఆ గేటు దాటి అడవి లోపలికి పోతే అక్కడక్కడ చెంచు పెంటలు, అంటే వాళ్ల చిన్న చిన్న ఊళ్లు, తగులుతాయి. అప్పాపూర్, రాంపూర్, సార్లపల్లి, కుడిచింతలబైలు, పుల్లాయిపల్లి. వీటిలో ఈ గుడిసెది ఏ పెంటో చెబితే మిగతా పెంటలవాళ్లు అలుగుతారు, వదిలేద్దాం.

ఈ గుడిసె పుట్టడానికి కారణం ఒక పెళ్లి. చెంచుల్లో కొత్త జంట సాధారణంగా వేరు గుడిసె వేసుకుంటుంది. అది పిల్లవాడి వాళ్ల పెంటలోనే ఉండాలన్న పట్టింపు లేదు, పిల్ల వాళ్ల పెంటలో వేసుకున్నా అడిగేవాడు లేడు. ఈ గుడిసెను పిల్ల వాళ్ల పెంటలోనే వేశారు. కాబట్టి నిట్రాడు పాతేటప్పుడు చేతులు వేసింది బామ్మర్దులే.

"బావా, గుంజ సక్కగ నిలబడ్డదా, సూడు."

"నీ లెక్కనే జర వంకరున్నది. నడుస్తది తియ్, మట్టి కొట్టు."

ఆ వంకర ఇప్పటికీ ఉంది. గుడిసె ఇప్పటికీ నిలబడే ఉంది.

కొలతలు, పనితనం గురించి ఈ గుడిసెకు కొంచెం గర్వం ఉంది. నడుమ నిట్రాడు, చుట్టూ గుండ్రంగా పాతిన గుంజలు, వాటి నడుమ వెదురు దబ్బలతో అల్లిన తడికె, దాని మీద మట్టి పూత. పైన గోపురంలా ఏటవాలుగా దిగే గడ్డి కప్పు. గుండ్రంగా కట్టడానికి లెక్క ఒకటి ఉంది. ఒకే వైశాల్యం ఉన్న నేలను చుట్టాలంటే గుండ్రటి ఇంటికన్నా చదరపు ఇంటికి సుమారు 13 శాతం ఎక్కువ గోడ కావాలి. వెదురు నరికి, మోసుకొచ్చి, చీల్చి, అల్లేవాళ్లకు ఆ 13 శాతమంటే ఎంత చెమటో ఇంజనీరు చెప్పక్కర్లేదు. మూలలు లేవు కాబట్టి గాలివాన కూడా పట్టు దొరక్క పక్కకు జారిపోతుంది. కప్పు ఏటవాలు కావడంతో వాన నీరు గడ్డిలో నిలవకుండా కిందికి దిగిపోతుంది. లోపల మూడు రాళ్ల పొయ్యి ఉంది, చిమ్నీ లేదు. పొగ గడ్డిలోంచే మెల్లగా బయటికి పోతుంది. పోతూ పోతూ గడ్డికీ వాసాలకీ మసి పట్టించి పురుగును దూరం పెడుతుంది. లోపల కళ్లు మండడం నిజమే, కప్పు నాలుగు కాలాలు ఆగడమూ నిజమే.

సామాను చెప్పమంటే పెద్దగా ఏమీ లేదు. విల్లంబులు, గొడ్డలి, గడ్డలు తవ్వే కోల, సొరకాయ బుర్ర, రెండు మూడు బుట్టలు, గిన్నెలు, రేషన్ బియ్యం సంచి, ఈమధ్య ఒక సెల్‌ఫోను. ఇన్నేనా అని బయటివాళ్లు జాలిపడతారు. లోపల రెండు మంచాలు కూడా పట్టవే, ఇందులో ఎలా బతుకుతారు అంటారు. అసలు విషయం అక్కడే తప్పిపోతోంది. ఈ గుడిసె చెంచుల ఇల్లు కాదు, ఆ ఇంట్లో ఒక గది. వాన పడితే తలదాచుకోవడానికి, చలికి పొయ్యి పక్కన పడుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి ఒక గది. మిగతా ఇల్లంతా బయట ఉంది.

వాకిట్లో చెట్టు నీడే కూర్చునే గది. తగువు తీరేది అక్కడే, పెళ్లిమాట నడిచేది అక్కడే, పిల్లలకు బాణం గురి నేర్పేదీ అక్కడే. వాగు పక్క చెలమ నీళ్ల గది. వంటగది మరీ పెద్దది, దానికి గోడలే లేవు. వేసవి మొదట్లో ఇప్పచెట్ల కింద పూలు రాలితే తెల్లారకముందే ఆడవాళ్లు ఏరుకొస్తారు. వానలకు నేల మెత్తబడితే గడ్డలు తవ్వుతారు. చింతపండు, తునికి పండు, తేనె, తపసి జిగురు, వేటికి అవే వేళలు. జిగురు, తేనె గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొంటుంది, ఆ డబ్బుతో ఉప్పూ నూనే కొంటారు. తేనె దించేటప్పుడు కొండ అంచు నుంచి ఒకడు కిందికి దిగితే, పైన తాడు పట్టేది బామ్మర్ది. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడని చెంచులు చెప్పుకుంటారు. నిట్రాడు పాతిన చేతులు, తాడు పట్టే చేతులు ఒకటే కావడం ఈ గుడిసెకు ధైర్యం.

దేవుడి గది కూడా బయటే. వేట దొరికినా, కొత్త పండు చేతికొచ్చినా గారెల మైసమ్మను తలవాలి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలో లింగమయ్య జాతర. ఊళ్ల నుంచి జనం వేలల్లో దిగుతారు, పూజారులు మాత్రం చెంచులే. శ్రీశైలం మల్లన్న అయితే వాళ్లకు చెంచు మల్లయ్య. అల్లుడిలాంటివాడు, ఆయనతో లెక్కలు వేరు.

తాతల కాలంలో ఇంకో పద్ధతి ఉండేది. ఎండలు ముదిరి చెలమలు ఎండితే గుడిసెలు వదిలి నీళ్లున్న చోటికి, కొన్ని గుంపులు కృష్ణ ఒడ్డు దాకా పోయేవి. అక్కడ ఆకులతో, గడ్డితో నీడ వేసుకుని ఉండి, వానలు పడ్డాక తిరిగి వచ్చేవి. ఇలాంటి గుడిసెలు నెలల తరబడి ఖాళీగా ఉండేవి. ఖాళీ అయిందని ఇల్లు పోయిందని ఎవరూ అనుకోలేదు. వేసవి గదిలోకి మారారు, అంతే. ఏ కొండ, ఏ చెరువు ఎవరి గుంపుదో అందరికీ తెలుసు. నిమ్మల, చిగుర్ల, మండ్లి, తోకల, ఉడుతల, కాట్రాజు, దాసరి, ఇలా ఇంటిపేర్లు ఉన్నాయి, వరసలు ఉన్నాయి. రిజిస్ట్రారు ఆఫీసు ఒక్కటే లేదు.

ఈ గుడిసె పూర్వీకులు ఫొటోలు కూడా దిగారు. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఈ పీఠభూమికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యంలో ఉండక తప్పలేదు. చేతిలో కాలం ఉన్నవాడు చెంచులతో గడిపాడు. గుడిసెలు, పెంటల నడుమ చుట్టరికాలు, కాలాన్ని బట్టి మకాం మార్చడం, అన్నీ రాసుకున్నాడు. 1943లో 'ది చెంచూస్' పుస్తకం వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో భద్రంగా ఉన్నాయి. గడ్డి గుడిసెలు ఎప్పుడో మట్టిలో కలిశాయి, వాటి బొమ్మలు సముద్రం దాటి బతుకుతున్నాయి. ఆయన సిఫార్సు మీదే నిజాం ప్రభుత్వం 1942లో ఈ పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం కేటాయించింది. చెంచు ఇల్లంటే గుడిసె కాదని ఒక సర్కారు కాగితం మీద ఒప్పుకున్న సందర్భం అది.

తర్వాత అదే ఇంటికి ఇంకో యజమాని పేరు చేరింది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం వచ్చింది, 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమైంది. రాష్ట్రం విడిపోయాక 2015లో తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందులో 2,166 కోర్ ప్రాంతం. పులితో చెంచులకు కొత్త తగాదా ఏమీ లేదు. అటవీశాఖకు వాచర్లుగా పనిచేసేవాళ్లలో చెంచులు ఎందరో. అడుగు చూసి ఏ జంతువు, ఎప్పుడు పోయింది అని చెప్పగలిగేది వాళ్లే. ఇంటికి ఇద్దరు యజమానులైనప్పుడు వంటగదిలో కట్టె తీసుకోవడానికి కూడా ఎవరినో అడగాల్సి రావడమే తిప్పలు. ఈ గుడిసెకు కొత్త వెదురు కావలసినప్పుడల్లా ఆ ప్రశ్న ఎదురవుతుంది.

అలాగని ఈ గుడిసె తనను తాను పొగుడుకుంటూ కూర్చోదు. ముసురు పడితే నాలుగైదు చోట్ల కారుతుంది. తడికె సందుల్లోంచి తేలు వస్తుంది, పాము వస్తుంది. ఎండాకాలం ఒక నిప్పురవ్వ చాలు. బాలింతకు, పసిబిడ్డకు పొగ మంచిది కాదు. పక్కా ఇల్లు కావాలని చెంచులే అడుగుతారు, వాళ్లకు ఆ హక్కు ఉంది. ఈ గుడిసెలో పుట్టిన పిల్ల హాస్టల్లో చదువుకుని సెలవులకు వచ్చి, "అమ్మా, ఈ పొగల ఎట్లుంటున్నవే?" అంటే ఈ గుడిసె దగ్గర జవాబు లేదు.

ఇళ్ల పథకాలకూ కొదవ లేదు. 2023 నవంబరు 15న మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో ఇంటికి 2.39 లక్షల రూపాయలు ఇస్తారు. చెంచుల్లాంటి ఆదిమ గిరిజన తెగలకు దేశమంతటా 4.90 లక్షల ఇళ్లు లక్ష్యం. తెలంగాణ ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు, కనీసం 400 చదరపు అడుగులు. 2025 మే నెలలో గిరిజన రైతుల సాగునీటి పథకం 'ఇందిర సౌర గిరి జల వికాసం' మొదలైంది కూడా అమ్రాబాద్ మండలం మాచారంలోనే. సర్కారు చూపు ఇటు పడిందన్నది నిజం.

కానీ ఇల్లు కట్టేవాళ్లు గదిని లెక్కవేసి ఇంటిని మరిచిపోతే ఏమవుతుంది? నల్లమలలో పాత కాలనీ ఇళ్ల పక్కన మళ్లీ ఓ గడ్డి గుడిసె లేచి ఉండడం చూస్తే తెలుస్తుంది. స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా వదులుతుంది. గడ్డిలో గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి కప్పు అంతగా వేడెక్కదు. కాలనీ ఇంట్లో మేకలు, బియ్యం సంచులు ఉంటాయి, మనుషులు పడుకునేది పక్క గుడిసెలో. అధికారులు దాన్ని అజ్ఞానమంటారు. వేడికి నిద్ర పట్టని మనిషి నిద్ర పట్టే చోటికి పోవడంలో అజ్ఞానం ఏముంది? వరసలో పేర్చిన ఇళ్లలో వాకిలి వాకిలికి ఎదురు పడదు, నడుమ చెట్టు ఉండదు, తాడు పట్టే బామ్మర్ది మరో వీధిలో ఉంటాడు.

పులుల కోసం కోర్ ప్రాంతం ఖాళీ చేసే కుటుంబానికి ఇప్పుడు 15 లక్షల ప్యాకేజీ ఉంది. నగదు తీసుకోవచ్చు, లేదా ఆ మొత్తంలో భూమి, ఇల్లు కలిపి పునరావాసం కోరుకోవచ్చు. ఇష్టపడి పోయేవాళ్లను ఈ గుడిసె ఆపదు. బడి, ఆసుపత్రి, బస్సు దగ్గరగా ఉండడం చిన్న విషయమా? మరి 15 లక్షల్లో వంటగది ధర ఎంత, దేవుడి గది ధర ఎంత అన్న లెక్క ఎక్కడా కనిపించదు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఆఫ్రికాలో చూశారు. బోట్స్వానాలో కలహారి ఎడారి నడుమ ఉన్న అభయారణ్యం నుంచి 1997లో, మళ్లీ 2002లో సాన్ వేటగాళ్లను బయటి కాలనీలకు తరలించారు. వాళ్లవీ గడ్డి గుడిసెలే. వాళ్లు కోర్టుకెక్కారు. 2006 డిసెంబరు 13న ఆ దేశపు హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. తిరిగి పోయినవాళ్లకు నీటి బోరు వాడుకునే హక్కు కోసం ఇంకో కేసు వేయాల్సి వచ్చింది, అది 2011లో గెలిచారు. నేల దక్కాక నీళ్ల కోసం ఇంకో పోరాటం. నీళ్ల గది లేని ఇల్లు ఇల్లు కాదని అక్కడ కోర్టు మెట్లెక్కి చెప్పుకోవాల్సి వచ్చింది.

మన చట్టం ఈ విషయంలో ముందే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చెంచుల్లాంటి ఆదిమ తెగలకు ఇంటి జాగా ఒక్కటే కాదు, వాళ్ల సంప్రదాయ ఆవాసం మొత్తం మీద సామూహిక హక్కును సెక్షన్ 3(1)(ఇ)లో గుర్తించింది. వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో 64 వేల పైచిలుకు ఉన్న చెంచులకు ఇది చిన్న చట్టం కాదు. గుడిసెను గదిగా, అడవిని ఇల్లుగా చూసే చూపు ఆ సెక్షన్‌లో ఉంది.

కాబట్టి కొలత టేపు పట్టుకుని పెంటకు వచ్చే ఇంజనీరు సార్లకు ఈ గుడిసె విన్నపం ఒకటే. ముందు చెట్టు కింద కూర్చోండి. ఇల్లు ఎటు తిరగాలి, పొయ్యి లోపలా బయటా, ఎవరి పక్కన ఎవరుండాలి, నీళ్లు ఎంత దూరం, ఇవన్నీ ఆడవాళ్లను కూడా అడిగి రాసుకోండి. స్లాబు వేస్తే వేయండి, దాని ముందు గడ్డి పంచకు జాగా వదలండి. ఇక పెంటనే ఖాళీ చేయించాలంటే, గ్రామసభ అన్నీ తెలిసి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అదే చట్టం సెక్షన్ 4(2) చెబుతోంది. ఆ కాగితం మీద సంతకాలు పడక ముందు ఒక్క తడికె కూడా కదపడానికి వీల్లేదు.