ముళ్ళ చేప మీద దయ

మా బావమరిది మేరీలాండులో ఉంటాడు. పన్నెండేళ్ళుగా కంప్యూటర్ల పని, నాలుగేళ్ళుగా పికరెల్ పని. పికరెల్ ఒక చేప. ఏదో కొత్త జబ్బు పేరనుకుని మా అత్తగారు మొదట్లో ఒకటి రెండు మొక్కులు కూడా మొక్కింది.

మొన్న డిసెంబరులో సెలవు పెట్టి మా ఊరు పెనుబల్లి వచ్చాడు. తెచ్చిన రెండు పెట్టెల్లో ఒకదాని నిండా ఈ చేప తాలూకు సరంజామాయే. గాలి కొడితే పడవయ్యే కయాక్, మడతపడే తెడ్డు, మూడు గాలపు కర్రలు (కర్రలంటే మొహం మాడుస్తాడు, రాడ్లనాలి), నీళ్ళ అడుగున చేప ఎక్కడుందో చూపించే చిన్న టీవీ, చేప మూతి పట్టుకోవడానికి ఒక పటకారు, పడుకోబెట్టి కొలవడానికి అంగుళాలు గీసిన పలక, చుక్క నీరు చొరని నిలువెత్తు తొడుగు, ఎర్రటి లైఫ్ జాకెట్. ఎర్రలు తవ్వే పని లేదు. ఎర కూడా ప్లాస్టిక్ డబ్బాలోనే వచ్చింది, ఒక రబ్బరు కప్ప.

"అన్నీ ఉన్నాయి గానీ పట్టిన చేపలు వేసుకునే సంచి ఏదిరా?" అన్నాను.

"సంచెందుకు బావా? పట్టి వదిలేస్తాం కదా!"

ఆ 'కదా' అన్నప్పుడు వాడి మొహంలో కార్తీక సోమవారం ఉపవాసం ఉన్నవాడి కళ కనిపించింది.

తర్వాత మూడు సాయంత్రాలు నాకు ఉపదేశం జరిగింది. అన్నాపోలిస్ పక్కన సెవర్న్ అని ఒక నది ఉందట. పేరుకి నదే గానీ, చెసపీక్ అఖాతం నీళ్ళు దాంట్లోకి రోజుకి రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతాయి. చలికాలం మిగతా చేపలు ముడుచుకుని పడుకుంటే పికరెల్‌కి మాత్రం ఆకలి చావదు. పోటు తీసి పిల్ల కాలువల్లోంచి నీళ్ళు దిగేటప్పుడు వాటితో పాటు చిన్న చేపలూ కొట్టుకొస్తాయి. పడిపోయిన చెట్టు కిందో, నాచు అంచునో కదలకుండా కాపు వేసి, ఎదురొచ్చినదాన్ని బాణంలా వచ్చి పట్టుకుంటుంది. బాతు ముక్కులాంటి మూతి, ఒంటి నిండా గొలుసు అల్లినట్టు గీతలు. ఆ నీళ్ళలో పడితే నిమిషాల్లో చేతులు కొయ్యబారిపోతాయి, అందుకే ఆ తొడుగు, ఆ జాకెట్. నీటి నడక తెలియాలి, గాలి వాలు తెలియాలి, ఓపిక ఉండాలి. ఒప్పుకోవాలి, ఇది విద్యే. కయాక్ కూడా ఉత్తి సరదా బండేం కాదు. మంచు దేశాల ఇన్యూట్ జనం సీల్ తోళ్ళు కుట్టి చేసుకుని, ఇంటిల్లిపాది కడుపు కోసం వేటకి వెళ్ళిన పడవ అది.

విద్యతో నాకు తగువు లేదు. దానికి తగిలించిన వేదాంతంతోనే ఉంది. తినడానికి పట్టడం పామరుల పని, అనుభవం కోసం పట్టి క్షేమంగా వదలడం ఎదిగినవాళ్ళ పని అంటాడు మా వాడు. మన చెరువుల మీద జనం చేపల్ని "ఊడ్చేస్తున్నారు" అని బాధపడతాడు. చేప నోట్లో ముల్లు దిగేసి, లాగి, మూతి పటకారుతో బిగించి, పలక మీద కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో జారవిడిచేదాకా నడిచే ఈ తతంగానికి వాడు పెట్టిన పేరు గౌరవం. చేపని గౌరవించాలట. ఆ గౌరవం నాకు జరక్కుండా ఉంటే చాలు.

మూడో సాయంత్రం ఒక ప్రశ్న వేశాను. "ఆ పికరెల్‌ని ఎప్పుడైనా తిన్నావట్రా?"

కాసేపు నసిగాడు. "ఒకసారి తిన్నా బావా. అబ్బ, ముళ్ళు! 'వై' అక్షరంలా చీలిన ముళ్ళు, ఒళ్ళంతా అవే. పిల్లలకి అసలు పెట్టలేం."

చెప్పొద్దూ, అప్పటికి నా మనసు కుదుటపడింది. కాకరకాయ తిననివాడు కాకరపాదు మీద చూపించే జాలిని నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే, వాళ్ళ ఊళ్ళో వదలడానికి కారణం ఉంది. గాలం వేసేవాళ్ళు అక్కడ అసంఖ్యాకం. అందరూ పట్టిందల్లా ఇంటికి పట్టుకెళ్తే నదిలో నీళ్ళే మిగులుతాయి. అందుకని లైసెన్సు పెట్టారు, 14 అంగుళాల లోపు పికరెల్‌ని ఉంచుకోకూడదన్నారు, గుడ్లు పెట్టే రోజుల్లో పట్టడం ఆపారు. ఇదంతా లెక్క, సంసారం దిద్దుకునే లెక్క. నాకు అభ్యంతరం లేదు. లెక్కని తీసుకొచ్చి కరుణ అని నామకరణం చేసి మా ఊరికి ఉపదేశిస్తేనే ఒళ్ళు మండుతుంది.

కరుణ అసలు రంగు ఆ నది ఒడ్డునే బయటపడుతుంది. పికరెల్ తిరిగే ఆ చుట్టుపక్కల నీళ్ళలోనే ఇంకో చేప కూడా ఉంది. పేరు స్నేక్‌హెడ్. అది పడితే? "చంపేయాలి" అన్నాడు, కనురెప్ప ఆర్పకుండా. "అక్కడ రూల్ బావా." ఇంచుమించు నిజమే. బతికున్నదాన్ని దగ్గర పెట్టుకుంటే నేరం, తిరిగి నీళ్ళలో వదలొద్దు, చంపండి అని అధికారులే చెబుతారు. దానికో కథ ఉంది. మేరీలాండులో క్రాఫ్టన్ అనే ఊళ్ళో ఒకాయన, తోబుట్టువుకి ఒంట్లో బాగాలేదని, సూపు కాచి పెడదామని న్యూయార్క్ నుంచి రెండు స్నేక్‌హెడ్‌లు బతికున్నవి తెప్పించాడు. ఈలోపు ఆ మనిషికి నయమైపోయింది. సూపు అక్కర్లేకపోయింది. చేపల్ని ఏం చేశాడు? దయదలిచి ఊరి చెరువులో వదిలేశాడు. 2002 వేసవికి ఆ చెరువు నిండా పిల్లలు. పత్రికలు దాన్ని రాకాసి చేపన్నాయి. ప్రభుత్వం చెరువులో విషం కలిపి మొత్తం చేపల్ని చంపింది. 2004లో పొటోమాక్ నదిలో మళ్ళీ తేలింది. అవి వేరే సంతతి. దయగలవాళ్ళు ఒకరితో ఆగరు కదా. ఇరవై ఏళ్ళు చంపి చంపి విసిగి, జనం చేత తినిపిస్తేనన్నా తగ్గుతుందేమోనని 2024లో దానికి చట్టం చేసి మరీ మంచి పేరు పెట్టారు, 'చెసపీక్ చన్నా'. మా అత్తగారు విని శనగల కూరేమో అనుకుంది. వండి పెడతానని కూడా అంది.

ఇంతకీ ఆ చన్నా ఎవరనుకుంటున్నారు? మన కొర్రమీను. సాక్షాత్తూ దాని దాయాది, ఒకే ఇంటి పేరు. వాళ్ళ రాష్ట్రంలో కనిపిస్తే చంపాల్సిన ముద్దాయి, మన తెలంగాణకి రాష్ట్ర చేప.

సరే, ఆదివారం తెల్లవారుజామున లంకసాగర్ చెరువుకి బయల్దేరాం. అడవిమల్లేల దారంతా మంచు, కనకగిరి గుట్టలు కనబడటం లేదు. మత్స్యకారుల సంఘం వాళ్ళని ముందురోజే అడిగాను. "పట్టుకోండి సారూ, ఏం పడతాయి గానీ" అని నవ్వేశారు. ఒడ్డున మా వాడు కయాక్‌కి పంపుతో గాలి కొట్టాడు. నేను లారీ ట్యూబుకి గాలి కొట్టించుకుని చెరువులో దిగే కుర్రాళ్ళని చూశాను గానీ ఇంత శ్రద్ధగా కొట్టేవాణ్ణి చూడలేదు. తర్వాత తొడుగు తొడిగాడు. గడ్డకట్టే నీళ్ళలో ప్రాణం నిలబెట్టడానికి కుట్టిన తొడుగు. పెనుబల్లిలో మంచు ఎనిమిదింటికి విడిచింది. తొమ్మిదింటికి వాడు కుక్కర్లో పెట్టిన కందిపప్పులా ఉన్నాడు.

"పోటు ఎప్పుడు బావా?" అన్నాడు, అలవాటు కొద్దీ.

మాకూ ఆటుపోట్లున్నాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ వదిలితే పోటు, కట్టేస్తే ఆటు. చంద్రుడికి దాంతో సంబంధం లేదు. ఇరిగేషన్ ఆఫీసుని అడగాలి.

అరగంట పాటు వాడు టీవీ చూస్తూ తిరిగాడు. తెర మీద గీతలు పోతున్నాయి. పక్కనే థర్మాకోల్ తెప్ప మీద సంఘం తాలూకు పెద్దాయన ఒకాయన వల తీసుకుంటూ, చాలాసేపు మర్యాదగా ఊరుకుని, చివరికి అడిగాడు.

"ఏంది బాబూ ఆ డబ్బా?"

"చేప ఎక్కడుందో చూపిస్తది పెద్దాయనా."

"కొర్రమట్ట కోసమేనా? అదే పైకొస్తది గద."

అప్పుడే తామరాకుల అంచున గుళుక్కుమంది. కొర్రమీనుకి మొప్పలతో పీల్చే గాలి చాలదు. కాసేపటికోసారి పైకొచ్చి మనలాగే గాలి మింగాలి, లేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. నేనున్నానని గంట కొట్టి చెప్పే చేపని వెతకడానికి మా వాడు బ్యాటరీ వాడుతున్నాడు. ఆ గుళుకు మీదికి కప్పని విసిరాడు. మూడోసారికి నీళ్ళు బద్దలయ్యాయి. అయిదు నిమిషాలు పెనుగులాడి పైకి లాగాడు. కిలోన్నర ఉంటుంది. నల్లటి వీపు, పాము తల, ఏ మాత్రం మొహమాటం లేని చూపు.

ఇక చూడాలి కంగారు. "ఫోన్ బావా, ఫోన్! ముప్ఫై సెకన్లలో నీళ్ళలో వేయాలి, ఆక్సిజన్ అందదు!" పటకారు, పలక, ఫొటో, చెమట. కొర్రమీనుని సత్తుపల్లి సంతకి తడిగోనెలో చుట్టి తెస్తారు. అంగట్లో బేసినెడు నీళ్ళలో రోజంతా బతికుంటుంది, బేరం మనం కుదుర్చుకునేదాకా ఎదురుచూస్తుంది. ఆ పూట పడవలో ఊపిరి అందనిది ఒక్క మా బావమరిదికే. తొడుగు మెడ దగ్గర బిగిసింది.

వాడికి ఇంకో చిక్కు కూడా వచ్చిందని తర్వాత ఒప్పుకున్నాడు. మేరీలాండు అధికారుల మాట ప్రకారం దీన్ని చంపాలి, మేరీలాండు వేదాంతం ప్రకారం వదలాలి. చేతిలో మూతి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడట. చివరికి వేదాంతం గెలిచింది. వదిలేశాడు.

పెద్దాయన తెప్ప మీద నిలబడిపోయాడు. "ఎందుకొదిలినవు బాబూ? దెబ్బ తగిలిందా? చచ్చిపోయిందా?"

"లేదు పెద్దాయనా, ఊరికే. సరదాకి పట్టా."

ఆయన ఆ మాటని కొంచెంసేపు నోట్లో పెట్టుకుని నమిలాడు. కిలో 500 అన్నా 750 రూపాయలు. ముల్లన్నది పెద్దగా లేని మాంసం, బాలింతకీ పసిపిల్లకీ పెట్టేది. వానాకాలమంతా ఆ చెరువుని కాపలా కాసింది ఆ సంఘం వాళ్ళు. రాత్రిపూట దొంగ వలలు పడకుండా టార్చిలేసుకుని తిరిగిందీ వాళ్ళే. పొరుగింటి కోళ్ళగూట్లో దూరి, పుంజుని పట్టి, తూచి, దాంతో ఫొటో దిగి, మళ్ళీ గూట్లో తోసి, "నేను మీలా కోసుకు తినను" అని ఆ ఇంటావిడకి చెబితే ఆవిడ ఏమంటుందో నాకు తెలుసు. పెద్దాయన మంచివాడు గనక ఏమీ అనలేదు. "పారేసే మాటైతే మాకిస్తే పోయేది" అన్నాడంతే.

మా వాడు నొచ్చుకున్నాడు. పారేయలేదని, వదిలానని, రెండింటికీ తేడా ఉందని చెప్పబోయాడు. తెలుగులో ఆ తేడా ఎలా చెప్పాలో తెలియక నా వంక చూశాడు. నేను గుట్టల వంక చూశాను.

ఒడ్డుకొచ్చాక పెద్దాయన సామానంతా ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూశాడు. రాడ్డు వంచి చూసి బాగుందన్నాడు. టీవీని ముట్టుకోలేదు. పడవ మీద మునివేళ్ళతో కొట్టి, తుమ్మముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తారని అడిగాడు. ఎర్ర జాకెట్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాడు. ఇది వేసుకుంటే ఈత రానోడు కూడా తేలతాడా అన్నాడు. తేలతాడన్నాం. తన అన్న కొడుకు రెండేళ్ళ కింద ఇట్లాంటి తెప్ప మీంచే జారి, కాళ్ళకి వల చుట్టుకుని పోయాడని చెప్పాడు. "పోయేటప్పుడు ఇదొక్కటి ఇచ్చిపో బాబూ, మిగతాయి మాకెందుకు."

"తప్పకుండా పెద్దాయనా" అన్నాడు మా వాడు. నిజంగానే అన్నాడు, కళ్ళలో తడి కూడా వచ్చింది.

సంక్రాంతి దాటి వెళ్ళిపోయాడు. అటక మీద వెతికితే డబ్బాలో రబ్బరు కప్ప దొరికింది. జాకెట్ లేదు. ఫోన్ చేస్తే చెప్పాడు, ఫిబ్రవరిలో సెవర్న్ నీళ్ళు మరీ చల్లగా ఉంటాయి బావా, అది లేకుండా దిగలేను అని.