సమగ్ర మకర పచనం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం:

శనివారే రథస్యాంతే సమగ్రం మకరం పచేత్
రహస్యం చూర్ణమాలిప్య ప్రతీక్షయతు బాంధవాన్

తాత్పర్యం: శనివారం నాడు బండి వెనక తలుపు దించి, గుట్టుగా దాచిన పొడి పూసి, మొసలిని నిండుగా కాల్చవలెను, బంధుజనం చేత ఎదురుచూపులు చూపించవలెను.

ప్రతిపదార్థం సులభం గనుక విడిచిపెట్టబడింది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య చేసిన మల్లినాథసూరి మెదక్ సీమలోని నేటి కొల్చారం వాడు. ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని ఆయన ప్రతిన పట్టాడు. ఈ టీకకు ఆ ప్రతినలో మొదటి సగమే చెల్లుతుంది.

శనివారే: అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్‌కు శనివారం రూఢి. 1961 నాటి క్రీడా ప్రసారాల చట్టం వృత్తి జట్లకు ప్రసార హక్కులు కలిపి అమ్ముకోవడానికి ఇచ్చిన మినహాయింపు, ఆటల కాలంలో శుక్రవారం సాయంత్రానికీ శనివారానికీ వర్తించదు. కనుక శనివారం కళాశాలలకు దక్కింది. శుక్రవారం కాల్చరాదా అని పూర్వపక్షం. కాల్చవచ్చు. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ కాలంలో కాథలిక్కులు మాంసం మానే శుక్రవారాల్లో మొసలి మాంసం పనికివస్తుందా అని ఒక భక్తుడు అడిగితే, అది చేపల కోవలోనిదేనని న్యూ ఆర్లియన్స్ ఆర్చిబిషప్ గ్రెగరీ ఏమండ్ 2010లో లిఖితపూర్వకంగా తీర్పు చెప్పాడు. అయితే లెంట్ వచ్చేది వసంతానికి కాస్త అటూ ఇటూ, ఫుట్‌బాల్ ఆడేది శరత్తులో. రెండూ కలిసే అవకాశమే లేదు గనుక ప్రశ్న పుట్టదు. పుట్టని ప్రశ్నకు జవాబు చెప్పడం వ్యాఖ్యాతల వృత్తిధర్మం.

రథస్యాంతే: ఇక్కడ రథమంటే పికప్ ట్రక్కు. క్షేత్రం లూసియానాలోని బాటన్ రూజ్, టైగర్ స్టేడియం చుట్టూ ఉండే పార్కింగ్ స్థలం. లోపల లక్ష మందికి పైగా కూర్చుంటారు. బయట పొయ్యిలు, గుడారాలు, మడత కుర్చీలు తెల్లవారకముందే వెలుస్తాయి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టు పేరు గేటర్స్, అంటే ఎలిగేటర్లు. ఆ జట్టు ఆడవచ్చిన వారం, దాని పేరు మోసే జంతువునే కాల్చి తినడం ఇక్కడి అభిమానుల ఆనవాయితీ. శత్రువును పేరుతో సహా నమలడం వీరరసంలో చేరుతుందా, బీభత్సంలో చేరుతుందా అన్నది ఆలంకారికులు తేల్చాలి.

మకరం: గజేంద్రుణ్ణి పట్టినది ఇది కాదు. మన చెరువుల మొసలికి నోరు మూసినా కింది పళ్లు కొన్ని బయటికి కనిపిస్తాయి. ఎలిగేటర్‌కు మూతి వెడల్పు, కింది పళ్లు లోపలే దాగుతాయి. తోళ్ల కోసం విచ్చలవిడిగా వేటాడడంతో ఇది 1967లో ఆపదలో ఉన్న జంతువుల జాబితాకెక్కింది. కోలుకుని 1987లో బయటపడింది. అదే ఏడు ఫ్లోరిడా దాన్ని తన రాష్ట్ర సరీసృపంగా ప్రకటించుకుంది.

దీని పుట్టుక విశేషం. తల్లి ఆకూ అలమూ పోగేసి, అందులో 30, 40 గుడ్లు పెడుతుంది. ఆకు కుళ్లి పుట్టే వేడే పొదుగుడు. పుట్టబోయేది ఆడదా మగదా అన్నది గుడ్డులో ముందే రాసి ఉండదు. ఆ కుప్ప వేడి తేలుస్తుంది. ఈ సంగతిని ఫెర్గూసన్, జోనెన్ అనే శాస్త్రజ్ఞులు 1982లో నేచర్ పత్రికలో వెల్లడించారు. దాదాపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆడపిల్లలు. 33 దరిదాపుల్లో ఎక్కువగా మగపిల్లలు. మూడు డిగ్రీల్లో వంశం తారుమారు. సుమారు 65 రోజులకు గుడ్లలోంచి పిల్లలు కీచుమంటే, ఎనభై పళ్ల తల్లి వచ్చి గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్లకు చేరుస్తుంది. ఒక్క పిల్లకూ గాటు పడదు. లూసియానా రైతులు భూస్వాముల అనుమతితో ఈ గుడ్లను ఏరుకొచ్చి, యంత్రాల్లో పొదిగి, పిల్లల్లో కొంత భాగాన్ని తిరిగి చిత్తడి నేలల్లో వదలాలి, అది నిబంధన. మిగిలినవి వెచ్చటి కొట్టాల్లో మేత తిని పెరుగుతాయి. చేత్తో పటకారు పట్టి, వేటాడి తెచ్చినట్టు మీసం దువ్వే గృహస్థు పొయ్యి మీద ఉన్నది సాధారణంగా ఈ కొట్టం బిడ్డే.

కొలతల సంగతి వేరు. టబాస్కో మిరప సాస్ తయారుచేసే వంశీకుడు ఇ. ఎ. మెకల్హెనీ 1935లో ఈ జంతువు జీవితచరిత్ర రాశాడు. 1890లో తాను చంపిన ఒకదాన్ని తుపాకీ గొట్టంతో కొలిస్తే 19 అడుగుల 2 అంగుళాలు తేలిందట. తోలు లేదు, పుర్రె లేదు, బరువుకు కదల్లేదని అక్కడే వదిలేశాడు. శాస్త్రజ్ఞులకు నేటికీ అనుమానమే. పొయ్యి దగ్గర చెప్పే కొలతలను ఈ సంప్రదాయంలోనే వినాలి. ఈ వివరమంతా మూలానికి అక్కర్లేదు.

సమగ్రం: శ్లోకంలో అబద్ధమంతా ఈ పదంలోనే ఉంది. తోలు విలువైనది గనుక ముందే సంచులకూ గడియారపు పట్టీలకూ వెళ్లిపోయింది. పేగులు తీసేశారు. కొవ్వు నీచు కొడుతుందని కోసేశారు. ఖాళీ అయిన కడుపులో కోళ్లో సాసేజీలో కుక్కారు, తోలు లేని ఒంటికి బేకన్ చుట్టారు, నోట్లో ఆపిల్ పెట్టారు. మిగిలిన సమగ్రత తల, నాలుగు కాళ్లు, తోక కొస. ఫొటోకు కావలసిన అంగాలు కూడా అవే. కాళ్లూ తోక కొసా మాడి బొగ్గైతే బొమ్మ చెడుతుందని వాటికి అల్యూమినియం రేకు చుడతారు. తినే తోక మొదలుకు ఆ రక్షణ లేదు.

పచేత్: ఉప్పునీటిలో రాత్రంతా నానబెట్టి, సూదితో వెన్నా మసాలా ఎక్కించి, నిప్పు నేరుగా తగలకుండా 107 నుంచి 121 డిగ్రీల పొగలో గంటల తరబడి ఉంచాలి. లోపలి వేడి 74 డిగ్రీలకు రావాలి. ఎక్కడి లోపల? చిక్కు ఇక్కడే. తోక మాంసం తెల్లటిది, కొవ్వు లేనిది, ముందే ఉడుకుతుంది. కాళ్లూ మొండెమూ గట్టివి, ఆలస్యం. కడుపులోని కోడి అందరికన్నా వెనక. వేపుడు ముక్కనూ పులుసు ముక్కనూ ఒకే మూకుట్లో వేసి ఒకేసారి దించాలనడం ఇది. కోడి క్షేమంగా ఉడికేసరికి తోక పీచు. చిత్తడి నేలల్లో తరాలుగా ఈ మాంసం వండుకున్న, ఫ్రెంచి మూలాల కేజన్ ఇళ్లలో మొసలిని ముక్కలు చేసే వండారు: తోక వేపుడుకు, తక్కినది పులుసుకు. వాళ్లకు జంతువును నిండుగా నిలబెట్టాలన్న పట్టుదల కలగలేదు, ఆకలి ఉంది గనుక. ఇక్కడ మాత్రం పావుగంటకోసారి మూత ఎత్తి, చుట్టూ చేరినవారికి పొగ గురించి ఉపన్యాసం. ఎత్తినప్పుడల్లా వేడి పోతుంది, భోజనం వెనక్కు జరుగుతుంది.

రహస్యం చూర్ణం: ఉప్పు, పాప్రికా, కయెన్ కారం, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, థైమ్. రహస్యం సమాప్తం.

ప్రతీక్షయతు: పచేత్ విధిలిఙ్, ఇది లోట్. ఒకే శ్లోకంలో లకారం మార్చడం ప్రమాదం కాదు. వంట కర్తవ్యం మాత్రమే, కాచుకోబెట్టడం ఆజ్ఞ. ఆట మొదలయ్యే వేళకు ఇంకో అరగంట అంటారు. పిల్లలు చిప్స్‌తో కడుపు నింపుకుంటారు.

బాంధవాన్: మిత్రాణి అనక బాంధవాన్ అనడంలో ఔచిత్యం ఉంది, మిత్రులైతే ఈపాటికి పక్క ట్రక్కు దగ్గరికి వెళ్లిపోయేవారు. చివరికి పళ్లెం వచ్చినప్పుడు మొదట ఖాళీ అయ్యేది కడుపులోని కోడి, ఆ తరవాత తోక. దవడ కండ గృహస్థుది. మిగిలిన మొండెం ఐస్‌పెట్టెలో ఇంటికి పోతుంది. ఆదివారం ఇంటి పెద్దావిడ దాన్ని ఎముకల నుంచి ఒలిచి, ఉల్లి, క్యాప్సికం, సెలెరీ వేయించిన టమాటా గుజ్జులో వేసి, కారం తగిలించి, మెత్తబడేదాకా సన్నసెగన ఉడికిస్తుంది. దాన్ని సాస్ పికాంట్ అంటారు. అన్నంలో కలుపుకుంటారు. అందరూ వేళకే తింటారు.