పావంటే దేంట్ల పావు?

మా మనుమడు ఐదో తరగతి. ఈ వనపర్తిలనే ఇంగ్లిష్ మీడియం బడి, పేరెందుకు లెండి. మొన్న పొద్దూకాల గుండ్రం గీసి, నాలుగు భాగాలు చేసి, మూడిట్ల రంగు పూసి "త్రీ బై ఫోర్ తాతా" అన్నడు.

"దేంట్ల త్రీ బై ఫోర్‌రా?" అంటే ఎర్రిగ చూసిండు. "త్రీ బై ఫోర్ అంటే త్రీ బై ఫోరే. దేంట్ల ఏముంటది?"

గిదీ నా బాధ. మా రోజుల్ల పావు ఒంటిగ తిరగకపోయేది. పావుశేరు పప్పు, పావెకరం చెల్క. ఎకరమంటే 40 గుంటలు, పావంటే 10 గుంటలని బడిమొగం చూడని మా అమ్మ చెప్తుండె. మాకైతే పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం, తప్పితే తొడపాశం. అరల అర పావు, పావుల అర పరక, పరకల అర వీసం. వీసమంటే పదహారో వంతు, రూపాయిల అణా లెక్క. నిండుగ ఉన్నదాన్ని పదహారణాలు అనేది అందుకే.

ఆ రూపాయన్న ఒక్కటేనా? నిజాం హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లిషోళ్ళ కల్దారు ఒకటి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. ఎవరన్న పావలా అంటే మా నాయిన ముందు అడిగేది "హాలీదా, కల్దారుదా?" అని. మొత్తమేందో తెల్వకుంట ముక్కకు విలువ కట్టకపోయేది ఆయన.

1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చినయ్. 64 పైసల రూపాయి 100 పైసలాయె. 4 అణాలు 25 నయాపైసలైనా పావలా మాత్రం పావలానే. రూపాయిల నాలుగో వంతు కదా, ముక్కలు ఎన్నిజేస్తే ఏంది. తంటా అంత అణా కాడనే. లెక్కకు ఆరుంబావు, చేతుల పెట్టేది 6. అట్ల పదహారు అణాలు ఒక్కొక్కటే మార్చుకుంటే 96. "తక్కిన నాలుగు పైసలు యాడికి పాయెరా?" అని నాయిన ముసలితనంల గూడ అడుగుతుండె. 2011 జూన్ ఆఖర్ల ఆ పావలా బిళ్ళే చెల్లకుంట పాయె. పిల్లలకు పావు చేతికి తగిలేది ఇంక యాడుంది?

పోనీ మన జిల్లా లెక్కన్న చెప్దామని కూసున్న. 2016 అక్టోబర్ 11న పాలమూరును కోసి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు తీసిరి, మిగిలింది మహబూబ్‌నగర్. "అయితే మనది వన్ బై ఫోర్" అన్నడు ఠక్కున. కాదురా అయ్యా, ముక్కలు సమానముంటెనే నాలుగో వంతు. నాగర్‌కర్నూల్ నల్లమలను ఒళ్ళ పెట్టుకొని కూసుంది. మన వనపర్తులు దగ్గరదగ్గర మూడు పడతయ్ అందుల. పైగా 2019ల మహబూబ్‌నగర్‌ల నుంచి నారాయణపేట ఇంకోటి తీసిరి. వానికి నిద్దరొచ్చింది.

నిన్న కొల్లాపూర్ నుంచి మామిడిపండ్లొచ్చినయ్. మేము ముగ్గురం: వాడు, వాళ్ళ నాయనమ్మ, నేను. కత్తి వానికే ఇచ్చిన. ఇటొక చెంప, అటొక చెంప, నడుమ టెంక. "త్రీ పీసెస్ తాతా, తలా వన్ బై త్రీ" అని చెంపలు రెండూ తనకొకటి, నాయనమ్మకొకటి తీసి, టెంక నాకు జరిపిండు. నేను మారు మాట్లాడకుంట వాని చెంప తీసుకొని, టెంక వాని చేతుల పెట్టిన.

"తాతా! ఇది వన్ బై త్రీ ఎట్లయితది?" అని ఒక్కటే లొల్లి.