కుడి భుజం మీద నేను

అమ్మ కడుపులో పిండానికి అయిదారు వారాలున్నప్పుడు అన్నిటికంటే ముందు గట్టిపడటం మొదలుపెట్టిన ఎముకను నేను. తొడ ఎముక లాంటివి మొదట మృదులాస్థిగా తయారై, ఆ తర్వాతే ఎముకలవుతాయి. నేను చాలామటుకు ఒక పల్చటి పొర నుంచి నేరుగా ఎముకనయ్యాను. పూర్తవడానికి మాత్రం పాతికేళ్లు కావాలి. రొమ్ము ఎముక వైపున్న నా కొస అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కుంటుంది. బడి పుస్తకాల్లో జత్రుకను, అందరి నోటా కాలర్ బోన్‌ను.

మావాడిది హిందూపురం, వయసు ఇరవైమూడు. బెంగళూరులో డెలివరీ పని. చేతిని మొండేనికి కలిపే ఎముక నేనొక్కదాన్నే కాబట్టి, భుజం లోపలికి కుంగకుండా అడ్డుకర్రలా నిలబడటం నా పని. వాడి సంచీ పట్టీ రాత్రి దాకా నామీదే ఆనేది.

అక్టోబరు వానలో సిల్క్ బోర్డు కూడలి దాటాక బండి జారింది. చెయ్యి ఆనించేలోపే భుజం రోడ్డుకు కొట్టుకుంది. ఆ దెబ్బ నా పొడవునా పాకి, నేను వంపు తిరిగే నడుము దగ్గర నన్ను విరిచింది. అక్కడ నేను సన్నం, పట్టి ఉంచే కండరాలూ తక్కువే. నాకు తగిలే విరుగుళ్లలో పదింట ఎనిమిది అక్కడే. మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగింది, చేతి బరువు బయటి ముక్కను కిందికి దించింది. వాడు ఎడమచేత్తో కుడి మోచేతిని ఎత్తిపట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే సరైన పని చేశాడు. నాకు కావలసింది ఆ బరువు తగ్గడమే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే కన్నా ముందు వాడి వేళ్లు కదిపించింది, మణికట్టు దగ్గర నాడి చూసింది, ఛాతీ మీద స్టెత్ పెట్టి ఊపిరి విన్నది. నాకు కిందనే చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం, నరాల కట్ట, ఊపిరితిత్తి పైకొస ఉంటాయి. వేళ్లు తిమ్మిరెక్కినా, చెయ్యి చల్లబడినా, ఆయాసమొచ్చినా, విరిగిన మొన చర్మాన్ని పొడుచుకొస్తున్నా గంట కూడా ఆలస్యం చెయ్యకూడదు.

మర్నాడు వాళ్లమ్మ, మామ వచ్చారు. "పుత్తూరు పోదాం పద అల్లుడూ" అన్నాడు మామ. రాయలసీమలో ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టే మరి. ఆకుపసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో తరతరాలుగా కడుతున్న ఆ చేతులంటే నాకు గౌరవం ఉంది. ముంజేతినైతే బద్దలు రెండువైపులా పట్టి నిలుపుతాయి. నా చుట్టూ బద్ద ఎలా కడతారు? ఊపిరి తీసినప్పుడల్లా నేనూ కాస్త కదులుతాను. మర్దన మాటైతే అసలు ఎత్తకూడదు.

"ముక్కలు కొంచెమే తప్పాయండీ, చేతికి జోలె చాలు" అంది డాక్టరమ్మ. ముక్కలు ఒకదానిమీదొకటెక్కి నేను రెండు సెంటీమీటర్లకు పైగా పొట్టిబడి ఉంటే ప్లేటు, స్క్రూల మాట వచ్చేది. బాగా తప్పిన ముక్కలు ప్లేటు వేస్తే అతక్కుండా మిగిలిపోవడం తగ్గుతుందని 2007లో కెనడా వైద్యుల అధ్యయనం చూపింది. రెండు భుజాలనూ వెనక్కి లాగే ఎనిమిది అంకె కట్టు గురించి కూడా మామ అడిగాడు. డెన్మార్క్ వైద్యులు 1987లోనే ఆ కట్టునూ జోలెనూ పోల్చారు. అతకడంలో తేడా లేదు, జోలెతో ఇబ్బంది తక్కువ.

మొదటి రాత్రులు వాడు దిండ్లకు చేరగిలబడే నిద్రపోయాడు. నాలో గడ్డకట్టిన రక్తం చోట మెత్తటి మృదులాస్థి అల్లుకుంది. కడుపులో నేను దాటేసి వచ్చిన దశ అది! తర్వాత క్యాల్షియం చేరి గట్టిపడింది. పొగ తాగితే అతకడం ఆలస్యమవుతుందని చెప్పగానే వాడు సిగరెట్లు మానేశాడు. నాకు అంతకన్నా పెద్ద మేలు మరొకటి లేదు. వేళ్లూ మోచెయ్యీ మొదటినుంచే ఆడించాడు, నొప్పి తగ్గాక భుజాన్నీ మెల్లగా ఊపాడు.

ఆరో వారం వాళ్లమ్మ నన్ను తడిమి, "ఇదేంది నాయనా, ఇంకా బుడిపె ఉండాదే" అని దిగులుపడింది. అతుకు దగ్గర చేరిన కొత్త ఎముక అది. ఏడాది, రెండేళ్లలో చాలావరకు అరుగుతుంది, కొద్దిగా మిగిలినా బలానికి లోటు లేదు. ఇప్పుడు సంచీని బండి వెనక కట్టుకుని తిరుగుతున్నాడు. సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ ఆడతానంటే, ఇంకో ఎక్స్‌రే చూశాకే చెబుతానంది డాక్టరమ్మ.